నాలుగు వేళ్ల గ్యాప్: పెనుకొండలో తయారైన కారుకు ఆ ఎత్తు ఎందుకు?

కొత్త కారు పక్కన నిలబడి టైరుకూ, దాని మీదున్న ఫెండర్‌కూ మధ్య చెయ్యి పెట్టి చూడండి. నాలుగు వేళ్లు ఈజీగా దూరిపోతాయి. ఆ గ్యాప్ చూస్తే మనలో చాలామందికి చిరాకు. "లోయరింగ్ స్ప్రింగ్స్ వేసేస్తే లుక్కే వేరు బ్రో" అంటారు. ఈ ఎపిసోడ్‌లో ఆ గ్యాప్ చరిత్ర చెప్తాను. అది ఎట్లా వచ్చింది, వేరే దేశాల్లో తగ్గించినవాళ్లు ఎందుకు తగ్గించారు, మన అనంతపురం రోడ్ల మీద తగ్గిస్తే ఏమవుతుంది. ఈ మూడూ చూద్దాం.

ఎద్దులబండి దగ్గర మొదలుపెడదాం. దానికి స్ప్రింగుల్లేవు. పెద్ద చక్రాలు, ఎత్తైన ఇరుసు, అంతే. గుంతలో పడితే దెబ్బ నేరుగా నడుముకే. జట్కా బండికి వచ్చేసరికి కింద కమాన్ కట్టలు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో గుర్రబ్బండ్లు తయారుచేసే ఒబడయా ఎలియట్ 1804లో ఇట్లాంటి కట్టలను కోడిగుడ్డు ఆకారంలో ఎదురెదురుగా అమర్చి పేటెంట్ తీసుకున్నాడు. మన లారీల వెనక ఇప్పటికీ కనిపించేవి ఆ కుటుంబానివే.

కారులో ఎక్కువగా ఉండేది కాయిల్ స్ప్రింగ్. దాని లెక్కను రాబర్ట్ హుక్ 1678లో బయటపెట్టాడు: బరువు రెట్టింపు చేస్తే స్ప్రింగు కదలిక కూడా రెట్టింపు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన హుక్స్ లా అదే. 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ ఒకే స్తంభంలా కలిపే డిజైన్ చేశాడు. మారుతి 800 నుంచి కియా సెల్టోస్ దాకా ముందు చక్రాల దగ్గర ఉండేది ఆ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే.

మరి ఎత్తు ఎవరు నిర్ణయిస్తారు? రోడ్డు. 1948లో పారిస్ షోలో సిట్రోయెన్ కంపెనీ 2సీవీ అనే కారు చూపించింది. పల్లెటూరి రైతుల కోసం చేసిన కారు అది. దున్నిన చేలో నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదన్నది దాని టార్గెట్. అందుకే మెత్తటి స్ప్రింగులు, చక్రం పైకీ కిందికీ బాగా ఆడేంత జాగా. మనకు చిరాకు తెప్పించే గ్యాప్ అదే. అది ఖాళీ కాదు, చక్రం పని చేసుకునే చోటు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో, లాస్ ఏంజెలెస్ వైపు, మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు ఉల్టా దారి పట్టారు. పాత షెవర్లేలు కొని, డిక్కీలో ఇసుక మూటలు వేసి, స్ప్రింగు చుట్లు కోసి కార్లను నేలకు దించారు. హాట్ రాడ్ వాళ్లది స్పీడు పిచ్చి. వీళ్లది కిందికి, నిదానంగా. అందరూ చూసేలా మెల్లగా పోవడమే వీళ్ల గొప్ప. కాలిఫోర్నియా ప్రభుత్వం 1958 నుంచి ఒక రూల్ అమల్లో పెట్టింది: రిమ్ అడుగు కంటే బాడీలో ఏ భాగమూ కిందికి ఉండకూడదు. ఆ రూల్ చూపించి పోలీసులు ఈ కుర్రాళ్లను ఆపేవాళ్లు. 1959లో రాన్ అగిర్రే అనే ఆయన విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్‌కు పెట్టాడు. స్విచ్ వేస్తే కారు పైకి, ఇంకోసారి వేస్తే కిందికి. ఆ రూల్ పోవడానికి 2024 జనవరి 1 దాకా పట్టింది.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. కిందికి దించడాన్ని ఒక సంస్కృతిగా మార్చినవాళ్లు కూడా పైకి లేపుకునే దారి ఉంచుకున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. వేరుశనగ చేలు, ఎండిన వంకలు, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అట్లాంటి జిల్లాలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ పెట్టడానికి కియా 2017లో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ వచ్చింది. ఇప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2019లో వచ్చిన ఆ సెల్టోస్‌కు కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 190 ఎంఎం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,610 ఎంఎం.

నేను ఒక చిన్న లెక్క వేశాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 గైడ్‌లైన్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, నున్నటి గుండ్రం. అంత వెడల్పు కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదే ఉంటాయి. కారు మధ్యలో పోయే ఎత్తు సుమారు 50 ఎంఎం. కింద ఇంకా 140 మిగులుతుంది. హ్యాపీ.

కానీ మన ఊళ్లల్లో ఉండేవి అవా? ఇంటి ముందు సిమెంటుతో కట్టిన సన్నటి గట్లు. ఎత్తు 150 ఎంఎం అనుకుందాం. ముందు చక్రం దిగిపోయింది, వెనకది ఇంకా ఎక్కలేదు, గట్టు కారు పొట్ట కింద ఉంది. 190లో 150 పోతే మిగిలింది 40. స్ప్రింగులు మార్చి 40 తగ్గిస్తే? సున్నా. ఇంట్లోవాళ్లు నలుగురు ఎక్కితే సున్నా కంటే కింద. మొదట తగిలేది ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ కావచ్చు.

మంచి లోయరింగ్ స్ప్రింగులకు ప్లస్సులు లేవని చెప్పను. పొట్టిగా ఉన్నా గట్టిగా ఉంటాయి, బరువు కిందికి వస్తుంది, మలుపుల్లో బండి తక్కువ ఒరుగుతుంది. జర్మనీలో వాటిని సర్టిఫికెట్‌తో, తనిఖీ చేయించుకుని వేసుకుంటారు. భయం వేసేది, ఉన్న స్ప్రింగునే కట్టర్‌తో కోయించడం, గ్యాస్ మంటతో కాల్చి కూర్చోబెట్టడం. మంట తగిలిన ఉక్కు తన పదును కోల్పోతుంది. కోసిన స్ప్రింగు కొస సీటులో సరిగా కూర్చోదు. చక్రం గాల్లోకి వేలాడినప్పుడు అది పక్కకు జరగొచ్చు. హైవే 44 మీద వందలో పోతున్నప్పుడు ఆ పని జరిగితే లోపల ఉన్నది మనమొక్కళ్లమే కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. సెల్టోస్ వచ్చిన 2019లోనే, జనవరిలో, కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్ట సవరణలో సెక్షన్ 182ఏ చేర్చారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ.

లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు తమను చూడనట్టు పోయే ఊరికి తమను చూపించుకోవడానికి కారు దించారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. మనకూ గుర్తింపు కావాలి. అయితే వాళ్ల రోడ్డు వేరు, మన రోడ్డు వేరు. మన గట్లను 3.7 మీటర్ల నున్నటి బ్రేకర్లుగా మార్చమని పంచాయతీలో అర్జీ పెడితే కారుకే కాదు, ఆటోలో ఆస్పత్రికి పోయే గర్భిణికీ మేలు. ముందు రోడ్డు సంగతి చూద్దాం, స్ప్రింగు సంగతి తర్వాత. మీ వీధిలో గట్టు ఎత్తు ఎంతో ఒకసారి టేపు పెట్టి కొలిచి చెప్పండి. ఉంటాను మరి.