నీడ దాల్చిన అచ్చక్షరము

చుట్టును గీతతో, ప్రక్కను నల్లని నీడతో, పలకనుండి పైకి లేచినట్లు కనిపించు అక్షరములను దుకాణముల బోర్డులపై శ్రోతలు చూచియే యుందురు. కుంచె పట్టిన చేతికి ఈ నేర్పు పాతదే. అది సీసపు అచ్చక్షరములోనికి వచ్చిన కథ మాత్రము లండను నగరపు గోడలతో ముడివడి యున్నది.

18వ శతాబ్ది చివరివరకు ఇంగ్లండులో అచ్చక్షరము ముఖ్యముగా పుస్తకమును సేవించెను. చదువరి దృష్టిని తనవైపు త్రిప్పుకొనక భావమువైపు పంపుటయే దాని సుగుణము. పిమ్మట పట్టణములు పెరిగెను. లాటరీ వ్యాపారులును, నాటకశాలలవారును గోడలనిండ ప్రకటన లంటించిరి. దారిని పోవువానిని నిలుపు బాధ్యత అక్షరముపై పడెను.

అక్షరము లావెక్కెను, ఎత్తును పెరిగెను. పెద్ద అక్షరములను ఇసుక మూసలలో పోయుట కష్టముగా నుండగా, 1810లో నాల్గవ విలియం కాస్లన్ రేకులో అక్షరాకృతిని కోసి వేరొక రేకుపై బిగించి మూసలు చేసెను. 1815 నాటి విన్సెంట్ ఫిగ్గిన్స్ నమూనా గ్రంథమున నీడ అక్షరములు కనిపించెను.

ఇందలి కిటుకు సులభము. వెలుగు ఎడమవైపు పైనుండి పడుచున్నట్లు భావించి, అక్షరముఖమును తెల్లగా విడిచి, సన్నని అంచు గీచి, కుడిప్రక్కను, అడుగునను నలుపు దట్టింతురు. మనము చదువునది కాగితపు తెలుపే. సిరా దానికి హద్దు మాత్రమే.

1826లో ఇంగ్లండున ప్రభుత్వ లాటరీ నిలిచిపోయెను గాని అక్షరముల పోటీ ఆగలేదు. 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ యంత్రముతో కొయ్య అక్షరములు చెక్కసాగెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రమునకు పాంటోగ్రాఫును జోడింపగా, ఒకే నమూనానుండి పలు పరిమాణముల అక్షరములు వెలువడెను. అలంకారము చవుక యయ్యెను. అందరును కేకలు వేయు సంతలో ఎవరి కేకయు వినబడదు గదా! 20వ శతాబ్ది తొలి దశకములలో శుద్ధరూపమును కోరిన శిల్పులు ఈ సొగసులను నిరసించిరి. సీసపు అక్షరమునకు వాడుక తప్పినచో కరగించుటయే గతి.

ఆ అక్షరములను చరిత్రగా చూడవలెనని చాటినవారిలో నికొలెట్ గ్రే ముఖ్యురాలు. 19వ శతాబ్ది అలంకృతాక్షరములపై ఆమె గ్రంథము 1938లో వెలువడెను. 1951లో జరిగిన బ్రిటను ఉత్సవమునకు అక్షరముల నెన్నుకొన్న సంఘమున ఆమెయు నుండెను. ఆ సంఘము గత శతాబ్ది అక్షరములను మరల వాడుకలోనికి తెచ్చెను.

నేడు కంప్యూటరు తెరపై నీడను కల్పించుట క్షణకాలపు పని. ఆనాటి లాటరీ పత్రములు చదివి పారవేయుటకై అచ్చయినవి. వానిలో మిగిలిన కొన్ని కాగితములే, సామాన్యుడు నడచిన వీథి ఎట్లుండెనో మనకు చూపుచున్నవి. గ్రంథాలయములు పుస్తకములతోపాటు గోడప్రకటనలను గూడ దాచుట ఇందులకే అవసరము.