విశ్వవిద్యాలయ విద్యార్థుల సామాజిక, ఆర్థిక స్థితి – శారీరక ఆరోగ్యం

కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, వృత్తి, నెల గడవడానికి చేతిలో ఉండే డబ్బు విశ్వవిద్యాలయ విద్యార్థుల శరీర ఆరోగ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో దేశదేశాల్లో పోల్చి చూసే అధ్యయన రంగం ఇది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునేవారి మధ్య కూడా తిండి, నిద్ర, వైద్యం దగ్గర అంతరాలుంటాయి. వాటి తీరు దేశాన్ని బట్టి మారుతుంది.

నేపథ్యం

లండన్‌లో 1967లో ప్రభుత్వోద్యోగులపై మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఈ రంగానికి పునాది. ఉద్యోగ హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు మెట్టుమెట్టుకూ పెరిగాయని అందులో తేలింది. ఈ పరిశోధనలతో పేరుపొందిన మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో ఆరోగ్య అసమానతలపై నివేదిక ఇచ్చింది. విద్యార్థుల విషయానికొస్తే, 1999–2001 మధ్య జేన్ వార్డిల్, ఆండ్రూ స్టెప్టో బృందం 23 దేశాల్లో సుమారు 19 వేలమందిని సర్వే చేసి వారి ఆహారం, వ్యాయామం, పొగతాగడం వంటి అలవాట్లను నమోదు చేసింది.

కొలిచే పద్ధతులు

విద్యార్థికి సాధారణంగా సొంత ఆదాయం ఉండదు. అందుకే తల్లిదండ్రుల చదువు, ఇంట్లోని ఆస్తులు, వసతులను లెక్కలోకి తీసుకుంటారు. భారతదేశంలో పట్టణ కుటుంబాలకు చదువు, వృత్తి, ఆదాయాల ఆధారంగా రూపొందిన కుప్పుస్వామి స్కేలు వాడుకలో ఉంది. నాన్సీ ఆడ్లర్ బృందం రూపొందించిన పద్ధతిలో పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపి, సమాజంలో తాము ఏ మెట్టు మీద ఉన్నామనుకుంటున్నారో విద్యార్థులనే అడుగుతారు. ఆరోగ్యం వైపు ఎత్తు, బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ కొలుస్తారు. తమ ఆరోగ్యం ఎలా ఉందో విద్యార్థులనే చెప్పమంటారు.

విద్యార్థుల సర్వేలకు ఒక పరిమితి ఉంది. కడు పేదలైన యువతలో చాలామంది విశ్వవిద్యాలయం దాకా రానేరారు. 2021–22లో భారతదేశ ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం మాత్రమే. కాబట్టి క్యాంపస్‌లో కనిపించే అంతరం సమాజంలో ఉన్న అంతరం కంటే చిన్నదిగా తోచవచ్చు.

దేశాల మధ్య తేడాలు

బరువు విషయంలో తేడా స్పష్టం. సోబల్, స్టంకార్డ్ అనే పరిశోధకులు 1989లో 144 అధ్యయనాలను సమీక్షించారు. సంపన్న దేశాల్లో స్థూలకాయం పేద మహిళల్లో ఎక్కువని, వర్ధమాన దేశాల్లో కలిగినవారిలో ఎక్కువని తేల్చారు. అందుకే ఒక దేశపు ఫలితాన్ని మరో దేశానికి యథాతథంగా అన్వయించలేం.

చాలినంత తిండి దొరకకపోవడం సంపన్న దేశాల్లోనూ ఉంది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018 డిసెంబరు నాటి నివేదికలో పరిశీలించిన 31 అధ్యయనాల్లో 22, విద్యార్థుల్లో 30 శాతానికి పైగా ఆహార అభద్రత ఉందని అంచనా వేశాయి. భారతదేశంలో రక్తహీనత పెద్ద సమస్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కళాశాలకు వచ్చే అమ్మాయిలూ ఈ వయసువారే.

కారణాలు

బాల్యంలో అందని పోషణ ఎత్తులో, రక్తంలో మిగిలిపోతుంది. క్యాంపస్‌లో అడుగుపెట్టగానే అది తీరిపోదు. ఫీజు, అద్దె కట్టాక మిగిలేదే తిండి ఖర్చు కనుక ముందుగా తగ్గేవి పాలు, గుడ్లు, పళ్లు. రాత్రి ఉద్యోగం నిద్రను, ఆటలను మింగేస్తుంది. పంటినొప్పి, చూపు మందగించడం వంటివి డబ్బు చేతికి వచ్చేదాకా వాయిదా పడతాయి.

ప్రభుత్వాల ఏర్పాట్లు

ఫిన్లాండ్‌లో 1954 నుంచి విద్యార్థులకు ప్రత్యేక ఆరోగ్య సేవా సంస్థ ఉంది. విద్యార్థి భోజనానికి ప్రభుత్వ రాయితీ అందుతుంది. ఫ్రాన్స్‌లో 1955లో ఏర్పడిన క్రూస్ సంస్థలు రాయితీ భోజనశాలలు, వసతి గృహాలు నడుపుతున్నాయి. కోవిడ్ కాలంలో, 2021లో, అక్కడ విద్యార్థులందరికీ ఒక యూరోకే భోజనం పెట్టారు.

తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో పేద కుటుంబాల పిల్లలకు వృత్తి విద్యను అందుబాటులోకి తెచ్చింది. వసతి గృహాల తిండికి డైట్ చార్జీలు వేరుగా ఇస్తారు. తెలంగాణలో ఇంటర్ నుంచి పీజీ వరకు ఇవి 2024లో నెలకు 1,500 రూపాయల నుంచి 2,100 రూపాయలకు పెరిగాయి. అంటే మూడు పూటల తిండికి రోజుకు 70 రూపాయలు. విదేశాలకు వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఇబ్బందులు మరో రూపంలో ఎదురవుతాయి: అమెరికాలో తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదు, బ్రిటన్‌లో వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టాలి.

విద్యార్థి సంక్షేమాన్ని సీట్లు, ఫీజుల లెక్కతోనే తేల్చడం చాలదని ఈ పోలికలు చెబుతాయి. ఫీజు సాయం విద్యార్థిని తరగతి గది దాకా చేరుస్తుంది. అక్కడ నిలబడి చదవగల ఒంటి సత్తువ మాత్రం మెస్‌లో వడ్డించే పళ్లెం నుంచి, వేళకు అందే వైద్యం నుంచి రావాలి.