తొర్రూరు నుంచి జర్మనీకా? రెండు వారాల్లో అడ్రస్ రాయించాలి.. ఇన్సూరెన్స్‌లో ఒక్క సంతకం తప్పితే చదువయ్యేదాకా తిప్పలే!

తొర్రూరు: తొర్రూరు నుంచి హైదరాబాద్ వెళ్లి పదేళ్లున్నా చాలామందికి ఆధార్‌లో అడ్రస్ ఊరిదే ఉంటుంది. రేషన్ కార్డు ఇక్కడే, ఓటూ ఇక్కడే. కూకట్‌పల్లిలో రూమ్ మారితే ఏ ఆఫీసుకూ చెప్పక్కర్లేదు. అదే అలవాటుతో జర్మనీలో దిగితే మాత్రం కష్టం. అక్కడ రూమ్ మారిన ప్రతిసారీ సర్కారు ఆఫీసులో రాయించుకోవాల్సిందే. బ్యాంకు, వీసా, చివరకు డాక్టర్ దగ్గర చూపించే కార్డు.. అన్నీ ఆ అడ్రస్ చుట్టూనే తిరుగుతాయి.

జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లదే పెద్ద సంఖ్య. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లోనే 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులు అక్కడున్నారు. బీటెక్ అయ్యాక ఎంఎస్ కోసం వెళ్లేవాళ్లలో వరంగల్, మహబూబాబాద్ వైపు పిల్లలూ ఉన్నారు. ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలన్న సంగతి తల్లిదండ్రులకు బాగానే తెలుసు, ఎందుకంటే ఆ డబ్బు సర్దేది వాళ్లే. దిగిన తర్వాత మొదటి నెలలో ఏం చేయాలన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు.

14 రోజుల లెక్క

అద్దె ఇంట్లోకి చేరిన రెండు వారాల్లోపు స్థానిక పౌర కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. దీన్నే అక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టుతో పాటు, ఫలానా తేదీ నుంచి ఈ మనిషి మా ఇంట్లో ఉంటున్నాడని ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. 2015 నవంబర్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఈ కాగితం తప్పనిసరి. అద్దె అగ్రిమెంట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఆలస్యం చేస్తే 1,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు.

పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. అందుకే ఫ్లైట్ దిగకముందే స్లాట్ కోసం వెతకడం మంచిది. దొరికిన స్లాట్ తేదీ రెండు వారాలు దాటినా, బుక్ చేసుకున్న రుజువు దగ్గర పెట్టుకోవాలి.

అసలు చిక్కు రూమ్ దగ్గరే వస్తుంది. తక్కువ అద్దెకు దొరికే కొన్ని గదులకు "ఇక్కడ రిజిస్ట్రేషన్ కుదరదు" అని ముందే చెప్పేస్తారు. ఒక్కరి పేరు మీద ఫ్లాట్, అందులో నలుగురు సర్దుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. కానీ అక్కడ ఓనర్ కాగితం లేకపోతే రిజిస్ట్రేషన్ లేదు, అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ ముందుకు కదలదు. డబ్బిస్తే వేరే ఇంటి అడ్రస్ ఇప్పిస్తామనేవాళ్లూ తగులుతారు. ఉండని ఇంటి అడ్రస్ అలా ఇస్తే జరిమానా 50,000 యూరోల దాకా ఉంటుంది. యూరోను వంద రూపాయల లెక్కన వేసుకున్నా అరకోటి!

ఇంకో చిన్న విషయం ఉంది, చాలామంది పట్టించుకోరు. పోస్టు డబ్బా మీద మన పేరు అతికించాలి. డోర్ నంబర్ సరిగ్గా ఉన్నా డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ట్యాక్స్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు వచ్చేవి పోస్టులోనే. ఊర్లో అయితే పోస్ట్‌మ్యాన్ పేరు చెబితే ఇల్లు చూపిస్తాడు, అక్కడ ఆ ముచ్చట లేదు.

పబ్లిక్‌లోనా, ప్రైవేట్‌లోనా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ రేషన్ కార్డుతో ముడిపడి ఉంటుంది, నెలనెలా కట్టేదేమీ లేదు. జర్మనీలో అలా కాదు. హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా యూనివర్సిటీలో పేరే ఎక్కదు. 30 ఏళ్లలోపు విద్యార్థులకు పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో ప్రత్యేక రేటు ఉంది. 2025లో అది నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు.

ప్రైవేట్ పాలసీలు కొన్ని అంతకంటే చాలా చవగ్గా కనిపిస్తాయి. నెలకు పదివేల రూపాయలు మిగులుతాయని కొందరు అటు మొగ్గుతారు. కానీ ప్రైవేట్‌కు వెళ్లాలంటే "నాకు పబ్లిక్ ఇన్సూరెన్స్ వద్దు" అని మినహాయింపు రాయించుకోవాలి. ఒక్కసారి అలా తీసుకుంటే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రావడానికి వీల్లేదు. రెండో ఏడాదిలో ఏదైనా పెద్ద జబ్బు బయటపడి, పాలసీ కవర్ చేయదని తేలితే చేసేదేమీ ఉండదు. పైగా ప్రైవేట్‌లో చాలాసార్లు బిల్లు ముందు మనమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

30 దాటాక వెళ్లేవాళ్లకు ఆ విద్యార్థి రేటు వర్తించదు. నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి తర్వాత ఎంఎస్‌కు బయలుదేరేవాళ్లు దీన్ని ముందే బడ్జెట్‌లో వేసుకోవాలి.

పబ్లిక్‌లో ఉన్నా చందా ఆపకూడదు. రెండు నెలల బకాయి పడితే సేవలు నిలిచిపోవచ్చు. అప్పుడు అత్యవసర చికిత్స, నొప్పికి వైద్యం లాంటివే అందుతాయి. యూనివర్సిటీకీ కబురు వెళ్తుంది.

జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలి?

మనలా నేరుగా పెద్దాస్పత్రికి పోయి ఓపీ చీటీ తీసుకునే పద్ధతి అక్కడ లేదు. ముందు ఇంటి దగ్గరి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, అవసరమైతే ఆయనే స్పెషలిస్ట్‌కు పంపుతారు. ప్రతి మూడు నెలలకోసారి కార్డు చూపించాలి. మందుల చీటీ కూడా 2024 జనవరి నుంచి ఆ కార్డులోనే ఎక్కుతోంది. మెడికల్ షాపులో కార్డు పెడితే మందు ఇస్తారు, ఒక్కో మందుకు సాధారణంగా 5 నుంచి 10 యూరోలు కట్టాలి. ఆస్పత్రిలో చేరితే రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజులకు మించి కాదు.

రాత్రిపూట, సెలవు రోజున ఒంట్లో బాగోలేకపోతే 116117కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయమైతే 112. ఇన్సూరెన్స్ లేకున్నా అత్యవసర చికిత్స చేస్తారు, తర్వాత బిల్లు ఇంటికొస్తుంది.

అమ్మానాన్న వెళ్తే?

భార్య లేదా భర్తకు సొంత ఆదాయం లేకపోతే ఉద్యోగి పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో ఉచితంగా కలుస్తారు, పిల్లలూ అంతే. తల్లిదండ్రులు మాత్రం కలవరు. విజిట్ వీసాపై 90 రోజులు వెళ్లేవాళ్లు కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ పాలసీ తీసుకోవాలి. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు ఇలాంటి పాలసీలు చాలావరకు డబ్బివ్వవు. కాబట్టి మూడు నెలలకు సరిపడా మందులు, డాక్టర్ రాసిచ్చిన చీటీ (ఇంగ్లిష్‌లో రాయించుకోవాలి) వెంట తీసుకెళ్లాలి. పాలసీ కొనేటప్పుడు ఏజెంట్‌ను "పాత జబ్బు ఎక్కువైతే కడతారా?" అని సూటిగా అడిగి, జవాబు కాగితం మీద చూపించమనాలి.

చదువో ఉద్యోగమో ముగించుకుని ఇండియాకు వచ్చేసేవాళ్లు అక్కడ పేరు తీయించుకోవాలి. ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, చేసిన రెండు వారాల్లోపు ఆ పని పూర్తి చేయాలి. అప్పుడిచ్చే కాగితం దాచుకుంటే ఇన్సూరెన్స్ రద్దు చేయించుకోవడానికి పనికొస్తుంది. అది చూపించకుండా వచ్చేస్తే చందా నోటీసులు పాత అడ్రస్‌కు పోతూనే ఉంటాయి.