తొలకరి గడ్డితో గొర్రెలకు చిటుకు రోగం.. ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

బద్వేలు ప్రాంతంలో ఇంటి దగ్గర నాలుగైదు జీవాలు పెంచుకునే వాళ్లు చాలామందే. ఎండాకాలమంతా ఎండుమేతతో నెట్టుకొచ్చిన గొర్రెలు, తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆబగా మేస్తాయి. అసలు ప్రమాదం అక్కడే. ఒక్కసారిగా పచ్చిమేత ఎక్కువైతే పేగుల్లోని బ్యాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది. ఇదే చిటుకు రోగం. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడుంటుంది. బాగా మేసి బలంగా ఉన్న పిల్లలకే ముప్పు ఎక్కువ. వైద్యం చేసే టైమ్ కూడా ఉండదు.

మరి ఏం చేయాలి?

* వానలు మొదలవకముందే టీకా వేయించాలి. మొదటిసారి వేయించే వాటికి రెండు, మూడు వారాల తర్వాత బూస్టర్ డోసు కావాలి.
* పొద్దున్నే మేతకు తోలే ముందు కొంచెం శనక్కాయ కట్టె వేయాలి. పచ్చిమేత రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచాలి.
* మిగిలిన అన్నం, నూకలు ఎక్కువగా పెట్టొద్దు. కడుపు ఉబ్బి ప్రాణం మీదకొస్తుంది.
* అవిశ, సుబాబుల్ ఆకు మంచి మేతే. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు.
* జొన్న కోసిన మోళ్లకు వచ్చే పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. అటువైపు తోలొద్దు.

ఉన్నట్టుండి చనిపోయిన జీవాన్ని కోయొద్దు, తినొద్దు. అది ఆంత్రాక్స్ అయితే మనుషులకూ సోకుతుంది. వెంటనే పశువుల డాక్టర్‌కు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి.