సాగర్ నీళ్లకు ముందు, తర్వాత: మా వైపు సంఘాలు నిలిచిన తీరు

చిలుకూరు అనగానే హైదరాబాదు వాళ్లకు వీసా బాలాజీ గుడి గుర్తొస్తుంది. ఇది ఆ ఊరి కథ కాదు. కోదాడకూ హుజూర్‌నగర్‌కూ మధ్య, 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా నల్లగొండ జిల్లాలో ఉన్న మా చిలుకూరుది. మా ప్రాంతం చరిత్ర రాసేవాళ్లు మూడు సంగతులు తప్పకుండా రాస్తారు: నైజాం కాలపు వెట్టి, సాయుధ పోరాటం, సాగర్ కాలువ. ఈ మూడింటి పక్కనే నడిచిన నాలుగోది దళితవాడల్లోని ప్రార్థన మందిరాల చరిత్ర. అది ఎక్కువగా సాక్ష్యాల రూపంలో నోటిమాటగానే ఉండిపోయింది. సాక్ష్యం చెప్పేటప్పుడు చివరికి ఒక మాట వస్తుంది: కష్టాలే మా విశ్వాసాన్ని పెంచాయి అని. ఆ మాటలో సగమే నిజం. కష్టం ఒక్కటే ఎవరి విశ్వాసాన్నీ పెంచదు. దేవుని మీద ఆనుకోవడం రోజువారీ అలవాటుగా ఉన్న చోట, నలుగురూ కలిసి దాన్ని పాటించిన చోట మాత్రమే కష్టం విశ్వాసానికి బలమైంది. తెలుగునేల మీద సంఘాల చరిత్ర, ముఖ్యంగా మా నల్లగొండ, సూర్యాపేట వైపు చరిత్ర, నాకు చెప్పేది ఇదే.

మా వైపు బాప్టిస్టు సంఘాల మూలాలు వెతికితే ముందుగా నెల్లూరు, ఒంగోలు చేరతాం. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చే జరిగింది. మిగతా కేంద్రాలకు దూరంగా ఒంటరిగా ఉందని దానికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ అయిదుగురి చేతుల్లో అప్పటికి ఆశ తప్ప ఏమీ లేదు. తర్వాతి మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఈ కథ చెప్పేటప్పుడు కొండనూ, ఆ తర్వాత వచ్చిన వేలాది బాప్తిస్మాలనూ కలిపేసి మధ్యలోని పన్నెండేళ్లను వదిలేస్తాం. నిజానికి బోధించాల్సింది ఆ పన్నెండేళ్ల గురించే. ఫలితం కనబడని కాలంలో కూడా పని ఆపకుండా ఉండడమే ఆనుకోవడం అంటే.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఇది విశ్వాసమా, గింజల కోసం వచ్చిన మందా? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. కరువులో అన్నం పెట్టిన చేతిని జనం మర్చిపోరు. ఆ కృతజ్ఞతకు ఆనాటి రాకలో పాలు లేదంటే అబద్ధమవుతుంది. అయితే ఈ అనుమానం అందరికంటే ముందు క్లౌకే కలిగింది. కరువు పని నడిచిన కాలంలో, సుమారు పదిహేను నెలలు, అడిగిన వాళ్లకు కూడా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి ఆగిపోయాకే ఇచ్చాడు. అంతకుముందే, 1866లోనే, తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య తన మాదిగ బంధువర్గంలో సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. అంటే కరువు నాటికి ఊళ్లలో పలకరించేవాళ్లు, పాటలు నేర్పేవాళ్లు, కలిసి మోకరించేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆకలి మాత్రమే మనుషుల్ని సంఘంగా చేయగలిగి ఉంటే ఆ ఏడాది దక్షిణ భారతమంతా సంఘాలతో నిండిపోయేది.

మా జిల్లాకు ఈ పని వచ్చిన దారి ఇంకా విచిత్రమైనది. నల్లగొండలో 1890లో కేంద్రం తెరిచిన అబ్రహాం ఫ్రీజెన్ అమెరికన్ కాదు, దక్షిణ రష్యాలోని మెనొనైట్ బ్రదరన్ సంఘాల మనిషి. అక్కడి రైతు కుటుంబాల కానుకలతో, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశాడు. 1900లో తెరిచిన సూర్యాపేట కేంద్రంలో పనిచేసిన హ్యూబర్ట్ కూడా ఆ సంఘాల నుంచి వచ్చినవాడే. నైజాం ఇలాకాలో వెట్టి చేసే వాడలకు, జారు చక్రవర్తి రాజ్యంలో గోధుమ పండించే రైతులు కానుకలు పంపారన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంతో, ఆ వెంటనే వచ్చిన విప్లవంతో ఆ కానుకల దారి మూసుకుపోయింది. 1921-22లో రష్యాలో కరువు పడింది. ఇక్కడికి కానుకలు పంపిన ఊళ్లే అన్నం కోసం చెయ్యి చాచాల్సి వచ్చింది. వాళ్లకు సాయం పంపడం కోసమే అమెరికాలోని మెనొనైట్లు అప్పటికే, 1920లో, ప్రత్యేకంగా ఒక సహాయ సంస్థ పెట్టుకున్నారు. దాత ఎక్కడో సుఖంగా ఉంటాడు, తీసుకునేవాడు ఇక్కడ కష్టంలో ఉంటాడు అని మనం అనుకునే లెక్క ఇక్కడ తలకిందులైంది. ఇద్దరికీ పరీక్ష ఒకటే. దాత చెయ్యి ఖాళీ అయితే విశ్వాసం కూడా ఖాళీ అవుతుందా? అమెరికా మిషన్ ఆసరా మిగిలింది, నిజమే. కానీ వాడల్లో సంఘాలు చెదిరిపోకుండా నిలవడానికి ఆ ఆసరా ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేం. మిషనరీ బంగళా ఉన్నది పట్టణంలో, ప్రతి రాత్రీ ప్రార్థన జరిగింది ఊళ్లో.

ఆ రాత్రి ప్రార్థన ఎలా ఉండేదో దోర్నకల్ వైపు వివరంగా నమోదైంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అంతకు మూడేళ్ల ముందే దోర్నకల్ చేరాడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆయన పట్టుబట్టి నేర్పిన వాటిలో ఇవ్వడం ఒకటి. పేదవాళ్లు కదా, వాళ్లేమిస్తారు అనడాన్ని ఆయన ఒప్పుకోలేదు. పగలంతా దొర పొలంలో పనిచేసి వచ్చిన వాళ్లు చీకటి పడ్డాక ఉపదేశి చుట్టూ చేరేవాళ్లు. పాట, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్చుకునేవాళ్లు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా ఇల్లాలు చేటలో కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం నాడు ఆ కుండ గుడికి వెళ్లేది. కోతల పండుగకు వడ్లు, కోళ్లు, మేకపిల్లలు వచ్చేవి. ఈ పిడికెడు బియ్యమే నా వాదనకు గట్టి ఆధారం. రేపటికి ఉంటుందో లేదో తెలియని ఇంట్లో ఈ పూట కొలతలోంచి తీసి పక్కన పెట్టడమంటే రేపటి బాధ్యత దేవునిదని చేత్తో ఒప్పుకోవడం. రోజూ ఇలా ఒప్పుకున్న ఇంటికి జబ్బు వచ్చినా, చావు వచ్చినా ఆనుకోవడం కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండదు.

రెండో అభ్యంతరం మా గడ్డ మీద పుట్టిందే. దేవుని మీద ఆనుకోమంటే దొర ముందు వంగి ఉండమనే కదా? 1946 నుంచి 1951 దాకా వెట్టికీ దొరతనానికీ ఎదురు తిరిగి ప్రాణాలిచ్చిన నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. వెట్టిని కూల్చింది ఆ పోరాటం. ఆ ఘనత సంఘాలు తమదని చెప్పుకోకూడదు. పరలోకం చూపించి ఇహలోకంలోని అన్యాయాన్ని దాటవేసిన బోధ లేదని కూడా అనలేం. కానీ ఆనుకోవడమూ లొంగిపోవడమూ వేరు. చదువు మనకెందుకన్న కాలంలో వాక్యం చదవడానికైనా అక్షరాలు రావాలని రాత్రిబడి పెట్టడం లొంగుబాటు కాదు. వాక్యం చదవగలిగినవాడు పట్వారీ రాసిన కాగితాన్ని కూడా చదవగలడు. దొర దయ ఉంటే బతుకుతాం అనుకున్న మనిషి, నా బతుకు దొర చేతిలో లేదు అనుకోవడం మొదలుపెట్టిన రోజే దొర బలం కొంత తగ్గింది. దేవుని మీద ఆనుకున్నవాడు ఇంకెవరి మీదా ఆనుకోనక్కర్లేదు కదా.

గింజల కోసం వచ్చారన్న వాదనకు అసలు పరీక్ష స్వతంత్రం తర్వాత వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సి కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే అప్పటినుంచి ఈ విశ్వాసం చెప్పుకుంటే వచ్చేది ఏమీ లేదు, పోయేదే ఎక్కువ. లాభమే కారణమైతే మందిరాలు ఎప్పుడో ఖాళీ కావాలి, కాలేదు. కాగితం మీద ఒకటి రాసి ఆదివారం మరో చోటికి వెళ్లేవాళ్ల సంగతేమిటి అని అడగవచ్చు. వాళ్లున్నారు. పిల్లల చదువుకూ మనస్సాక్షికీ మధ్య నిలబడ్డ తండ్రిని తేలిగ్గా తీర్పు తీర్చడం నాకు చేతకాదు. అతన్ని ఆ ఇరుకులో పెట్టిన చట్టాన్ని కూడా ప్రశ్నించాలి. అయితే ఒకటి గమనించాలి. పరీక్షలో అందరూ గట్టిపడరు, కొందరు జారతారు. మనకు వినిపించే సాక్ష్యాలన్నీ నిలిచినవాళ్లవే. జారినవాళ్లు వేదిక ఎక్కరు. అందుకే కష్టం విశ్వాసాన్ని పెంచుతుందన్న మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేకపోతున్నాను. రాతినేల మీద మొలిచిన విత్తనం ఎండకు మాడిపోతుందని యేసే ఉపమానంలో చెప్పాడు. ఎండ అందరికీ ఒకటే, తేడా వేరులో ఉంది. రాత్రి ప్రార్థన, పిడికెడు బియ్యం, ఒకరి దుఃఖానికి నలుగురు చేరడం, వేరు అంటే ఇవే.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల ముఖం మార్చేసింది. వానకోసం ఆకాశం చూసిన నేలలో రెండు పంటల వరి వచ్చింది, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. ఇది దేవుని మేలు అని సంఘాలు కృతజ్ఞత చెప్పాయి, చెప్పవలసిందే. కానీ దానితోపాటు వచ్చిన పరీక్షను గుర్తించడం కష్టమైంది. కడుపు నిండాక దేవుణ్ణి మర్చిపోతావు జాగ్రత్త అని ద్వితీయోపదేశ కాండం ఇశ్రాయేలుకు చేసిన హెచ్చరిక నీళ్లొచ్చిన ఊళ్లకే సరిగ్గా సరిపోతుంది. ఈ నలభై, యాభై ఏళ్లలో మరో బోధ కూడా బలపడింది. నమ్మితే అప్పు తీరుతుంది, రోగం పోతుంది, ఇల్లు కట్టుకుంటావు. అలా జరగకపోతే నీ నమ్మకంలోనే లోపం ఉంది అంటుంది అది. ఒంగోలు కొండ మీది అయిదుగురు ఈ కొలతకు ఓడిపోయినవాళ్లే. కానుకల దారి తెగిపోయిన రష్యా రైతులూ అంతే. ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగినా తీయించుకోలేకపోయిన పౌలు కూడా ఓడినట్టే. ఇంతమందిని ఓడించే కొలత తప్పని ఒప్పుకోవడమే న్యాయం.

అయితే బాధను పొగడడమా నీ ఉద్దేశం అంటారేమో. కాదు. క్లౌ కరువులో ముందు కూలి చూపించాడు, ప్రసంగం తర్వాత. 1950లో హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని మొదలుపెట్టిన సువార్తికుడు భక్త్ సింగ్ విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా, ప్రార్థన మీద నడిచిన మనిషి. అక్కడి పెద్ద కూడికలకు వచ్చిన వేలమందికి పంక్తిభోజనం పెట్టారు. ఆనుకోవడం తెలిసినవాళ్లు ఎదుటివాడి ఆకలిని దేవునికి వదిలెయ్యలేదు. అందుకని మా వైపు సంఘాలకు ఈ చరిత్ర పెట్టే పని స్పష్టంగానే ఉంది. కొత్త మందిరానికి పాలరాయి వేయించే ముందు, అప్పులపాలైన కౌలురైతు కుటుంబం ఈ వారం ఎవరి ఇంట్లో ప్రార్థన చేసుకుంది, వాళ్ల పొయ్యికి ఎవరి బియ్యం చేరింది అని అడగాలి. పరీక్ష వచ్చాక ఓదార్పు ప్రసంగం ఏర్పాటు చేయడం సులువే. అది రాకముందే కలిసి ఆనుకోవడం అలవాటు చేసిన సంఘాలే ఈ నూటముప్పై ఏళ్లకు పైబడిన కాలంలో మా నేల మీద నిలిచాయి.