గనులకు చేరిన తీగ, గడపకు చేరవలసిన తీగ

కోలారు సీమ మన తెలుగువారికి పరాయి నేల కాదు. ములబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములలో ఇంట తెలుగును, బడిలో కన్నడమును, గనుల వీథులలో తమిళమును వినుచు పెరిగిన కుటుంబములు తరతరములుగా నున్నవి. చిత్తూరు సీమనుండి పనికై వచ్చి గనులలో స్థిరపడినవారును, అంతకు ఎంతో పూర్వమే ఇచట భూములు దున్నుకొని జీవించుచుండినవారును మన పెద్దలలో గలరు. ఆ పెద్దలు గర్వముతో చెప్పుకొను మాట యొకటి కలదు: "బెంగుళూరుకంటె ముందు మనకే కరెంటు వచ్చినది" అని. ఆ మాట సత్యమే. కాని ఆ "మనకు" అను పదములో ఎవరెవరు చేరుదురో కొంచెము విచారింపవలసి యున్నది. ఏలయన, పల్లెపల్లెకు ఇంటర్నెట్టు తీగ వేయుచున్న ఈ కాలమున అదే ప్రశ్న మరల మన గడపయొద్దకు వచ్చి నిలిచినది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు ప్రవేశించిన పిమ్మట కోలారు బంగారు గనులు ఏటేట లోతునకు సాగినవి. లోతు పెరిగినకొలది నీరు తోడుటకును, రాతిని పైకి లాగుటకును, దానిని దంచి పొడిచేయుటకును శక్తి అధికముగా కావలసివచ్చెను. ఆవిరి యంత్రములకు వలయు కట్టెలు, బొగ్గు దూరమునుండి తెచ్చుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అప్పుడు మైసూరు దివానుగా నుండిన సర్ కె. శేషాద్రి అయ్యరు ప్రభుత్వము శివసముద్రమువద్ద కావేరీ జలపాతమునుండి విద్యుచ్ఛక్తిని తీసి గనులకు పంపుటకు నిశ్చయించెను. కెప్టెన్ డి లాట్‌బినియర్ అను ఇంజనీరు ఈ కార్యమునకు పూనుకొనెను. 1902 జూన్ 30వ తేదీన 92 మైళ్ల దూరము, అనగా సుమారు 148 కిలోమీటర్లు ప్రయాణము చేసి ఆ శక్తి గనులకు చేరెను. ఆనాటి ప్రపంచమున అంత దూరము విద్యుత్తును మోసిన తీగలు మిక్కిలి అరుదు. తన సంకల్పము ఫలించుట చూడకయే శేషాద్రి అయ్యరు 1901లో కన్నుమూసెను. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905 ఆగస్టులో. అనగా గనులకు శక్తి చేరిన మూడేండ్లకు పిమ్మట.

వేసవిలో కావేరి సన్నగిల్లినచో గనులకు శక్తి తగ్గెడిది. ఆ కొరత తీర్చుటయు 1911లో ప్రారంభమైన కన్నంబాడి ఆనకట్ట ఉద్దేశములలో నొకటి. దానికి సూత్రధారియైన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమువారు. ఆయన పుట్టినయూరు ముద్దెనహళ్లి. చిక్కబళ్ళాపురము వేరు జిల్లాగా 2007లో ఏర్పడువరకు ఆ యూరు కోలారు జిల్లాలోనిదే. ఈ విధముగా ఒక గనికొరకు ఒక నదియే కట్టువడినది.

ఇక కథలో రెండవ పార్శ్వమును చూతము. ఆ 92 మైళ్ల తీగ ఎన్నియో పొలములమీదుగా, ఊళ్లమీదుగా సాగినది. ఆ తీగక్రింద అరక దున్నిన రైతు ఇంటికి పోయి ఆముదపు దీపమే వెలిగించుకొనెను. అట్లు దశాబ్దములు గడచినవి. దీపము క్రింద చీకటి యని మనవారు ఊరకే అనలేదు. దీనికి కారణములు రెండు. దూరము పోవలసిన విద్యుత్తును వేలకొలది వోల్టుల ఒత్తిడితో పంపుదురు. దానిని ఇంటి దీపమునకు తగినట్లు తగ్గింపవలెనన్నచో నడుమ ట్రాన్స్‌ఫార్మరు కావలెను, చిన్న తీగలు కావలెను, వానిని కనిపెట్టియుండు మనిషి కావలెను. ఇది మొదటి కారణము. గని యొక్కటియే వేల దీపముల వెలను చెల్లింపగలదు; చెదరియున్న గుడిసెలు చెల్లింపలేవు. ఇది రెండవ కారణము. తీగ వేసినవారికి పల్లెపై ద్వేషము లేదు, వారి లెక్కలలో పల్లెయే లేదు.

స్వాతంత్ర్యానంతరము ఆ లెక్కలోనికి పల్లె వచ్చినది. కాని లెక్కించు పద్ధతియందే చిక్కు కలిగినది. ఊరి పొలిమేరలో ఏ పనికైనను విద్యుత్తు వాడినచో ఆ ఊరు విద్యుదీకరణ పొందినదనియే 1997వరకు మన దేశమున పరిగణించుచుండిరి. ఒక్క మోటారు తిరిగినను ఊరంతయు వెలిగినట్లే! 2004లో నిబంధన మారి, బడివంటి బహిరంగ స్థలములతోపాటు ఇండ్లలో నూటికి పదింటికైనను వెలుగు ఉండవలెననిరి. అప్పటికిని తొంబది ఇండ్లు చీకటిలో నున్నను ఊరు వెలిగినట్లే.

ఇప్పుడు వర్తమానమునకు వత్తము. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగ వేయుటకు తీర్మానించినది. ప్రయోగాత్మకముగా ఎన్నుకొన్న మూడు చోట్లలో నాటి విశాఖపట్టణము జిల్లాలోని పరవాడ యొకటి. ఈ పథకమునకే 2015లో భారత్‌నెట్ అను పేరు వచ్చినది. ఫైబరు తీగ యనగా వెండ్రుకవలె సన్నని గాజు పోగు. దానిలో ప్రవహించునది వెలుగే. లోపలి గోడలకు తగిలి తగిలి మరలుచు ఆ వెలుగు బహుదూరము పోయి, మాటను, బొమ్మను, పుస్తకమును మోయును. కాని శివసముద్రపు తీగవలెనే దీనిని సైతము నడుమ ఎక్కడపడిన అక్కడ త్రుంచి వాడుకొనుటకు వీలులేదు. పంచాయతీ కార్యాలయమున ఒక పరికరము కావలెను, అది పనిచేయుటకు ఎడతెగని కరెంటు కావలెను, అచటినుండి ఇంటింటికి మరియొక తీగ కావలెను. పంచాయతీవరకు తీగ వచ్చి, పెట్టె అమరినచో "సేవకు సిద్ధము" అని పట్టికలో వ్రాయుదురు. పాత లెక్క మరల వచ్చినది చూడుడు! దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచట సార్థకమైనది.

ఈ లోపమును ప్రభుత్వమును గుర్తించినది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో పథకమును సవరించి, ఒకటిన్నర కోట్ల ఇండ్లకు కనెక్షన్లు ఇచ్చుటను, పదేండ్ల నిర్వహణను అందు చేర్చిరి. తీగలను వలయముగా కలుపుటయు ఆ సవరణలోనిదే. ఒకవైపు తెగినను రెండవవైపునుండి సేవ సాగును. ఆంధ్రప్రదేశమువారు మరియొక త్రోవ త్రొక్కిరి. భూమి త్రవ్వక, ఉన్న కరెంటు స్తంభములమీదనే ఇరువదివేల కిలోమీటర్లకు మించిన ఫైబరు తీగ లాగిరి. 2016 డిసెంబరులో నాటి తూర్పు గోదావరి జిల్లాలోని మోరి గ్రామమునకు అది చేరినది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ కోవిందుగారు ఆ వ్యవస్థను ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే సేవ యని ఆనాడు ప్రకటించిరి. స్తంభముపై తీగ గాలివానకు తెగుననుట నిజమే. కాని గడపవరకు పోవలెనను తలంపు అందు మొదటినుండియు కలదు.

ఇదంతయు మనకేల యందురా? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నాటినుండి గనుల బిడ్డలు ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనికిపోయి రాత్రి ఇల్లు చేరుచున్నారు. ఆ పనులలో కొన్నియైన ఇంటినుండి చేయదగినవే. 2020లో బడులు మూతబడినప్పుడు పాఠము వినుటకై పల్లెలలో మిద్దెలు, గుట్టలు ఎక్కి సిగ్నలుకొరకు వెదకిన పిల్లలను మనలో ననేకులు కన్నులార చూచితిమి. ఇవిగాక మన భాష మాట యొకటి కలదు. ఇచటి మన పిల్లలు తెలుగు మాటలాడుదురేగాని చదువువారు తక్కువ. పాత తెలుగు గ్రంథములు వేలకొలది నేడు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. తాతగారు బడిలో చదివిన పుస్తకమును మనుమడు ములబాగిలు పల్లెలో కూర్చుండి తెరువగలడు. తీగ వాని ఇంటికి వచ్చినప్పుడే.

కావున మనము చేయదగిన పని చిన్నదియే. కర్ణాటకమున గ్రామ పంచాయతీ గ్రంథాలయములు అరివు కేంద్రములుగా రూపొందుచున్నవి. మన మన ఊళ్లలో జరుగు గ్రామసభకు పోయి మూడు ప్రశ్నలు వేయుదము: పంచాయతీ కార్యాలయములోని పెట్టె ఈ దినము వెలుగుచున్నదా? ఆ వెలుగు బడికి, గ్రంథాలయమునకు అందుచున్నదా? దూరపు వాడలోని కడపటి ఇంటికి ఎన్నడు అందును? మన తాతలు తలపై సాగిన తీగను చూచి గర్వపడిరేగాని ప్రశ్నింపలేదు; ప్రశ్నించు సభయు వారికి లేకుండెను. మనకు సభ కలదు. కడపటి ఇంటివారు "మనకు వచ్చినది" అని తమంత తాము చెప్పిన దినముననే తీగ ఊరికి చేరినట్లు లెక్క.