చేతి సర్క్యులర్ రంపంతో మూలమట్టపు కోత

చేత పట్టి నడిపే గుండ్రటి కరెంటు రంపంతో చెక్కను, ప్లైవుడ్‌ను సరిగ్గా 90 డిగ్రీలకు కోసే పద్ధతి. కామారెడ్డి జిల్లా పిట్లం వంటి మండల కేంద్రాల్లో దర్వాజలు, అల్మారాలు చేసే వడ్రంగులకు ఇది నిత్యం అవసరమయ్యే నైపుణ్యం. 600 మి.మీ. పొడవు కోతలో ఒక్క డిగ్రీ తప్పినా చివర 10 మి.మీ. తేడా వస్తుంది, తలుపు మూయబోతే పట్టేస్తుంది.

ముందుగా ప్లగ్గు తీసి, బ్లేడుకూ అడుగు పలకకూ మధ్య మూలమట్టం ఆనించి చూడాలి. యంత్రం మీది డిగ్రీల గుర్తును నమ్మకూడదు. మూలమట్టాన్నీ పరీక్షించాలి: గీత గీసి, మూలమట్టాన్ని తిరగేసి అదే బిందువు నుంచి మళ్లీ గీస్తే రెండు గీతలూ కలవాలి.

కంటి అంచనాతో నేరుగా కోయడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టమే. అడుగు పలక అంచు నుంచి బ్లేడు పన్ను వరకు కొలిచి, గీతకు అంతే దూరంలో తిన్నని పట్టీని క్లాంపులతో బిగిస్తే రంపం దాని వెంటే నడుస్తుంది. బ్లేడు మందం వృథా అయ్యే వైపే పోవాలి. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి గనుక పైపొర లేచిపోతుంది. అందుకే మంచి ముఖాన్ని కిందికి పెడతారు. కోత మూసుకుపోతే బ్లేడు ఇరుక్కుని రంపం వెనక్కి తన్నుతుంది, అది చాలా ప్రమాదం. కాబట్టి కోతకు రెండు వైపులా ఆధారం ఉండాలి.

900, 1200 మి.మీ. భుజాల పలకకు రెండు కర్ణాలూ 1500 మి.మీ. వస్తే మూలలు సరిగ్గా కుదిరినట్టే.